తెగని నల్లదారం

మోహిత్ కాలికి కట్టిన నల్లతాడు మళ్ళీ తెగింది. ఉయ్యాల గుడ్డ దులుపుతుంటే కిందపడింది. ఈశ్వరి దాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. నూలుతాడు, చెమటకీ నూనెకీ నాని పీచులు పీచులుగా అయిపోయింది.

"అత్తా, మళ్ళీ తెగిపోనాది."

అత్త అప్పలకొండమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. తలెత్తి చూడను కూడా లేదు. "తెగితే మంచిదే కదేటే. గుంటడి మీద పడ్డ కన్ను దాంతోపాటే తెగిపోనట్టు. ఇంకోటి కట్టు."

"ఇలగ తెగిపోతంటే ఎన్నని కడతాం?"

"తెగడానికే కడతారే ఎర్రిదానా. తెగకుండా ఉండడానికి అదేటి ఇనపగొలుసా?"

"నాకేటో బెంగగా ఉంది."

"నీకు బెంగ నేని రోజేదో సెప్పు, ఆ రోజు గారెలొండుకుందాం. ఆడు పాలు తాగితే బెంగ, తాగకపోతే బెంగ. తుమ్మితే బెంగ. తుమ్మకపోతే, అత్తా ఇయాల ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు అని మళ్ళీ బెంగ."

లోపల చొక్కా తొడుక్కుంటున్న బాబ్జి పకపకా నవ్వాడు. బాబ్జి ఈశ్వరి మొగుడు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. పొద్దున్నే నవ్వుతూ వెళ్ళి సాయంత్రం బెల్లం వాసనతో తిరిగొచ్చే మనిషి.

ఈశ్వరి నవ్వలేదు. మోహిత్ కంటే ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అప్పట్నుంచి ఏది తెగినా, ఏది పగిలినా, పాలు పొంగి పొయ్యిలో పడినా ఆమె కళ్ళముందు ఆ రోజే నిలబడుతుంది. తాడు తెగిందంటే కన్ను పోయిందని అత్త నమ్మకం. కాపలా పోయిందని కోడలి భయం. తెగని తాడొకటి దొరికితే బాగుణ్ణనిపించింది.

తెగని తాడు ఎక్కడుందో ఆమెకి తెలుసు. రోజూ ఆమె చేతుల్లోనే ఉంటుంది.

అచ్యుతాపురం దారిలో ఆమె పనిచేసే ఫ్యాక్టరీని వాళ్ళ పేట గవరపాలెం ఆడవాళ్ళు దారం కంపెనీ అంటారు. గుడ్డలు కుట్టే దారం కాదు, మనుషుల్ని కుట్టే దారం. ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు వేసే కుట్లకి అక్కడే దారం తీసి, సూది బిగించి, పొట్లాల్లో పెట్టి పంపిస్తారు. ఈశ్వరిది రోలుగుంట పక్క పల్లె. తండ్రి మంచాన పడేసరికి ఇంటర్ మొదటి ఏడు మధ్యలోనే చదువు ఆగిపోయింది. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక, వేళ్ళు సన్నగా ఉన్నాయనీ చెయ్యి వణకదనీ కంపెనీవాళ్ళు ఆమెని ముడుల గదిలో వేశారు. అదొక వింత. మనసులో ఎంత వణుకున్నా ఆ వణుకు చేతిదాకా వచ్చేది కాదు.

ముడుల గదిలో కొత్తరకం దారాన్ని పరీక్షిస్తారు. ఈశ్వరి ఒక గొట్టం చుట్టూ దారం తిప్పి, డాక్టర్లు వేసే ముడి వేసి మిషనుకి తగిలిస్తుంది. మిషను రెండు వైపులా లాగుతుంది. టప్పుమనగానే అద్దం అవతలి నుంచి దేవీప్రసాద్ అడుగుతాడు, "తెగిందా, జారిందా?"

ఆయన దారం ఇంజనీరు. రాజమండ్రి మనిషి. చూడ్డానికి కాలేజీ కుర్రాడిలా ఉంటాడు గానీ చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. దారం తెగితే ఆయనకి పెద్ద బాధ లేదు. బలం అంతవరకే అని ఊరుకుంటాడు. ముడి జారితే మాత్రం ఆ పూట టీ కూడా తాగడు.

"దారం గరుగ్గా ఉంటే కండలోంచి లాగేటప్పుడు రంపంలా కోసుకుంటూ పోతుందమ్మా," అని ఒకసారి చెప్పాడు. "నున్నగా చేస్తే వెన్నలోంచి వెళ్ళినట్టు వెళ్తుంది. కానీ నున్నటి దారానికి ముడి నిలవదు. నాకు రెండూ కావాలి."

"కొత్త పట్టుచీరకి కుచ్చిళ్ళు నిలవనట్టు, సార్."

"అదే. పిన్నీసు లేకుండా నిలబెట్టాలి."

ఈ మధ్య ఆయన తీసిన నల్లదారం అలాంటిదే. లోపల గట్టి పోగు, పైన ఏదో పూత. పొడిగా ఉన్నప్పుడు కొరమీనులా వేళ్ళలోంచి జారిపోతుంది. ఒంటి వేడీ తడీ తగిలితే పూత మెత్తబడి, ముడిలోని పోగులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. లాగితే ముడి ఇంకా బిగుస్తుంది తప్ప వెనక్కి రాదు. ఒంటి వేడికి కాచిన ఉప్పునీళ్ళ తొట్టె ఒకటి గది మూలన ఉండేది. ముడులన్నీ రోజుల తరబడి అందులో నానేవి. ఆ నానిన ముడుల్లో ఒక్కటి కూడా జారడం ఈశ్వరి చూడలేదు. ఈ దారం తెగడం కూడా ఆమె ఎప్పుడో గాని చూడలేదు, అదీ మిషను మూలిగేంత లాగితేనే.

మిగిలిన ముక్కలు పసుపు సంచిలో వేయాలి. వాటిని కాల్చేస్తారు. ఒక్క పోగు కూడా గది దాటకూడదని రూలు. కాల్చిపారేసేదే కదా అనుకుంది ఈశ్వరి. జానెడు ముక్క వేలికి చుట్టుకుని, పైన గ్లవ్ తొడుక్కుంది. గేటు దగ్గర ఎవరూ వేలు చూపించమని అడగలేదు.

శుక్రవారం మోహిత్‌కి తలంటి, సాంబ్రాణి పొగ వేసి, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎడమకాలికి ఆ దారం కట్టింది. చేతికి అలవాటైన ముడే పడింది. బిగువు కాకుండా మధ్యలో తన వేలు పెట్టి చూసుకుంది. పోయిన కొత్తమావాస్య జాతరలో అత్త కొని దాచిన నల్లపూసని మిగిలిన కొసకి ఎక్కించి, చివర ఒక ముడి వేసింది.

అప్పలకొండమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ వంగి చూసింది. "ఏదే తాడు? ఎంటికలాగుంది. దిష్టి పెట్టేవోళ్ళకి కనపడాలి కదా. ఇది నాకే కనపడటం లేదు."

"కనపడకపోతే ఏటత్తా, తెగదు."

"సర్లే. నీ కంపెనీ తాడు, నీ కొడుకు. పూసైనా కనపడతంది, అదే సాలు."

ఆ పూస మోహిత్‌కి తెగ నచ్చింది. పది నెలల పిల్లాడు. కాలు నోటిదాకా తెచ్చుకోవడం వాడికి అలవాటు. పూస పట్టుకుని లాగడం, లాగి లాగి నవ్వడం. వాడు అలా ఆడుకుంటుంటే ఈశ్వరికి నెలల తర్వాత మనసు కుదుటపడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

రెండు రోజుల తర్వాత ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి అప్పలకొండమ్మ వీధి గుమ్మంలోనే ఎదురైంది. పిడికిలి మూసి ఉంది. "ఒలే, సెయ్యి పట్టు," అని కోడలి అరచేతిలో నల్లపూస వేసింది. "మంచం కింద దొరికింది. తెగిపోనాది నీ కంపెనీ తాడు. నూలుతాడే నయం, నెలైనా ఉండీది. మీ సారుకి సెప్పు, మా మనవడు ఒక్క లాగు లాగేడని."

ఈశ్వరి పరుగున వెళ్ళి పిల్లాడి కాలు చూసింది. బొద్దుకాలు, మడమ మీద మడత, ఆ మడత మీద ఇంకో మడత. దారం లేదు. మంచం కింద వెతికింది, దొరకలేదు. వెంట్రుకంత దారం, చీపురుకి పోయి ఉంటుంది అనుకుంది.

"దిష్టి గట్టిదే తగిలింది," అంది అత్త సంతోషంగా. "అంత తాడునే తెంపీసింది."

తెగింది కాబట్టి దిష్టి పోయిందన్నారు. ఈసారి ఈశ్వరికీ అలాగే నమ్మాలనిపించింది. ఎన్నాళ్ళని భయపడుతుంది మనిషి. రోజంతా ఆ దారం చేతుల్లో పట్టుకుని తిరిగే ఆమెకి, అది పిల్లాడి లాగుడుకి ఎలా తెగుతుంది అన్న చిన్న మాట తట్టలేదు. ఇంట్లో ఆమె కోడలు, తల్లి. ముడుల గది కంపెనీలోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి మోహిత్ ఏడుపు మొదలెట్టాడు. పాలిచ్చినా ఏడుపే, ఎత్తుకున్నా ఏడుపే. ఎడమపాదం ఉబ్బింది. వీధి చివర మందుల షాపులో కూర్చునే పెద్దాయన చూసి, పురుగేదో ముట్టింది, రెండు రోజుల్లో తగ్గిపోతుందని ఆయింట్‌మెంటూ చుక్కలమందూ ఇచ్చాడు. అప్పలకొండమ్మ వేపాకూ పసుపూ నూరి పాదం నుంచి పిక్క దాకా మెత్తింది. ఆ పట్టుతో పాదం ఏ రంగులో ఉందో కనిపించకుండా పోయింది.

"ఇయాల డ్యూటీ మానీ," అన్నాడు మర్నాడు పొద్దున బాబ్జి.

"నిన్నే సగం పూట మానేను. పెద్ద పరీచ్చ ఉందంట, సార్ తప్పకుండా రమ్మన్నాడు. అత్తా, పిల్లడు ఏడుత్తే ఆఫీసుకి ఫోన్ చేయించు."

"ఏడవకుండా ఉంటే సేయిత్తాను, అప్పుడే ఇడ్డూరం," అంది అత్త. కానీ ఆ మాటలో రోజూ ఉండే ఎగతాళి లేదు.

ముడుల గదిలో ఆ రోజు దేవీప్రసాద్ ముఖం వెలిగిపోతోంది. ఉప్పునీళ్ళ తొట్టెలోంచి ఒక ముద్దని ట్రేలోకి తీశాడు. మనిషి కండలా మెత్తగా, గుండ్రంగా పొడుగ్గా చేసిన జెల్లీ అది, పసిపిల్లల కాలంత లావుంది. దాని చుట్టూ నల్లదారం కట్టి నానబెట్టింది ఈశ్వరే, పోయిన వారం.

"రండమ్మా. మీరు వేసిన ముడే. ఎక్కడుందో చెప్పండి చూద్దాం."

ఈశ్వరి వంగి చూసింది. జెల్లీ నీళ్ళు పీల్చి రెండు వైపులా ఉబ్బింది. మధ్యలో లోతైన గాడి. గాడి రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుని మడతలా కనిపిస్తున్నాయి. దారం లేదు.

"తెగిపోయినట్టుంది సార్. తొట్టెలో పడిపోయిందేమో."

"అందరూ అలాగే అంటారు." ఆయన సన్న కత్తితో మడతని జాగ్రత్తగా విప్పాడు. జెల్లీ విచ్చుకుంది. లోతుగా, చాలా లోతుగా, నల్లగా ఒక గీత. "ఎక్కడికీ పోలేదు. లోపలికి వెళ్ళింది. జెల్లీ ఉబ్బుతున్న కొద్దీ ఇది కోసుకుంటూ దిగింది. దారం తెగలేదు, ముడి జారలేదు. ఇన్నాళ్ళకి..."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. ఈశ్వరికి వినిపించడం మానేసింది. ట్రేలో ఉన్నది ఆమెకి జెల్లీలా కనిపించడం లేదు. పసుపు మెత్తిన పాదం. మడమ మీద మడత. ఆ మడత మీద మడత. అరచేతిలో పడిన నల్లపూస. పూస కొసన తను వేసిన ముడి ఒంటికి ఆనక, గాలికి ఆరి పొడిగా ఉంది, లాగితే జారిపోయింది. పూస పడిపోయింది. కాలి దగ్గర ముడి... చెమట. స్నానం. పాల చుక్కలు. పిల్లాడు పూస పట్టుకుని లాగిన ప్రతిసారీ...

"సార్," అంది. "ఈ దారం చేత్తో లాగితే తెగదు కదండీ."

"తెగదు."

"తడిలో ఊడదు."

"ఊడదు. అందుకే కదా..." ఆయన తలెత్తి ఆమెని చూశాడు. "ఏమైందమ్మా?"

"మా పిల్లడి కాలికి ఉంది సార్."

ఆయనకి అర్థం కాలేదు. ఈశ్వరి మళ్ళీ అదే మాట అంది, అదే గొంతుతో, ఒక్క అక్షరం తేడా లేకుండా. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. ఎన్నడూ వణకని చేతులు. గ్లవ్స్ లోపల వేళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి.

దేవీప్రసాద్ చేతిలోంచి కత్తి ట్రేలో పడింది. "ఎన్నాళ్ళైంది?" అన్నాడు. ఆమె చెప్పింది. ఎలా తీసుకెళ్ళావని ఆయన అడగలేదు. ముఖంలో వెలుగు ఆరిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతికిచ్చి, నంబరు నొక్కలేకపోతుంటే తనే తీసుకుని నొక్కాడు.

"మావా," అంది ఈశ్వరి బాబ్జి పలకగానే. "పిల్లణ్ణి అట్టుకుని పిల్లల ఆసుపత్రికి ఎలిపో. ఇప్పుడే. పట్టు కడిగీమని అత్తకి సెప్పు. తాడు తెగలేదు. లోపలుంది."

అవతల దిమ్మలు దించుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది.

దేవీప్రసాద్ తన కారులోనే తీసుకెళ్ళాడు. మునగపాక దగ్గర చెరకు ట్రాక్టరు రోడ్డుకి అడ్డంగా తిరుగుతోంది. ఒక్కో గడా వెనక నేలని రాసుకుంటూ నెమ్మదిగా, పెళ్ళికూతురు నడిచినట్టు తిరుగుతోంది. ఆయన హారన్ మీద చెయ్యి తీయలేదు. ఈశ్వరి ఏడవలేదు. ముందు అద్దంలోంచి చెరకు గడల్ని చూస్తూ ఉండిపోయింది. ఆ కళ్ళకి చెరకు కూడా మడతలు మడతలుగానే కనిపించింది.

రింగు రోడ్డు పక్కన పిల్లల ఆసుపత్రిలో డాక్టరు శ్రీదేవి అప్పటికే మోహిత్‌ని బల్ల మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో పసుపు తుడుస్తోంది. కింద నుంచి పాదం బయటపడింది. నేరేడుపండు రంగు. బాబ్జి రెండు చేతులతో పిల్లాడి భుజాలు పట్టుకుని ఉన్నాడు. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. రెండు కాళ్ళలో కుడికాలు మాత్రమే తన్నుతోంది.

"కాలికి ఏమైనా కట్టారా?" అని అడుగుతోంది డాక్టరు.

"కట్టేం గానీ తెగిపోనాదమ్మా," అంటోంది అప్పలకొండమ్మ. "పూస నా సేత్తో నానే ఎత్తేను."

"తెగలేదత్తా." ఈశ్వరి గుమ్మంలోంచే అంది. "డాక్టరమ్మా, ఆ మడతలో ఉంది. నల్లదారం. కనపడదు. నానే కట్టేను."

డాక్టరు మడతని రెండు వేళ్ళతో విప్పి లైటు వేసింది. ఏమీ లేదు. పాలిపోయిన చర్మం, సన్నటి రసి. "ఇక్కడ దారం ఉందని మీరు చెప్పకపోతే నేను ఇన్ఫెక్షన్ అనే అనుకునేదాన్ని," అంది నెమ్మదిగా. "కచ్చితమేనా?"

"ఉంది మేడం," అన్నాడు వెనక నుంచి దేవీప్రసాద్. తనెవరో చెప్పాడు. "లోతుకి దిగి ఉంటుంది. ముడి విప్పాలని చూడకండి, అది రాదు. పక్కన ఎక్కడైనా కోసేయండి. మామూలు కత్తెర జారిపోతుంది, బ్లేడే వాడాలి."

డాక్టరు ఆయన్ని ఒక్క చూపు చూసింది. "అందరూ బయటికి వెళ్ళండి," అంది. మత్తు ఇచ్చే డాక్టరుకి కబురు వెళ్ళింది. తలుపు మూసుకుంది.

బయట బల్ల మీద ఈశ్వరీ, అత్తా, దేవీప్రసాదూ కూర్చున్నారు. బాబ్జి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈశ్వరి మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "తెగని తాడు కావాలన్నావు కదేటే," అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు.

"దాన్నేటీ అనకు," అంది అప్పలకొండమ్మ. "తెగిపోనాదన్నది నాను. పూస సేత పట్టుకుని నవ్వింది నాను. దాని మీద పసుపు మెత్తింది నాను." కొంగు నోట్లో కుక్కుకుంది. వీధి వీధంతా నోటికి జడిసే ఆ మనిషి అంత చిన్నగా అయిపోవడం ఈశ్వరి ఎప్పుడూ చూడలేదు. "నూకాలమ్మా, మళ్ళీ జన్మలో తాడన్నది ముట్టనమ్మా," అని గొణిగింది.

"పాదం ఉంటదా సార్?" అని అడిగింది ఈశ్వరి.

దేవీప్రసాద్ నేల వైపు చూశాడు. "నాకు తెలీదమ్మా."

దారం గురించి ఏదడిగినా చెప్పే మనిషి. తెలీదన్న మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదలు. దాంతో ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి నీడలు ఎదుటి గోడ ఎక్కాయి. డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తల్లిని మాత్రం రమ్మంది. మోహిత్ మత్తులో పడుకుని ఉన్నాడు. మడమ పైన కట్టు. కట్టు కింద పాదం అదే రంగులో ఉంది.

"తీసేశాను. నరం దాకా వెళ్ళలేదు. కానీ రక్తం మళ్ళీ కిందికి దిగాలి. అది మన చేతుల్లో లేదు, చూస్తూ ఉండాలి. ఇలా." డాక్టరు బొటనవేలి గోరుని నొక్కి వదిలింది. గోరు తెల్లబడి, తెల్లగానే ఉండిపోయింది. "ఇది తొందరగా ఎర్రబడాలి. కాసేపాగి మళ్ళీ నొక్కండి."

ఈశ్వరి నొక్కింది. తెలుపు. కాసేపాగి నొక్కింది. తెలుపే. బయట ఎవరో పిల్లాడికి ఇంజెక్షన్ ఇస్తున్నట్టున్నారు, ఒకటే గోల. నర్సు వచ్చి సెలైను చూసి వెళ్ళింది. ఈశ్వరి ఆ గోరు తప్ప లోకంలో ఇంకేమీ చూడలేదు. ఇన్నాళ్ళూ భయపడిందంతా ఒక ఎత్తు. తుమ్ముకీ, దగ్గుకీ, తెగిన తాడుకీ భయపడింది. తన చేతికి మాత్రం ఎప్పుడూ భయపడలేదు.

నొక్కింది. వదిలింది. గోరు అంచున పలచగా, గులాబీ రేకంత మేర రంగు కదిలింది. మళ్ళీ పోతుందేమోనని చూసింది. పోలేదు. నెమ్మదిగా గోరంతా పాకింది.

నర్సు చూసి డాక్టరుని పిలిచింది. డాక్టరు ఐదు వేళ్ళూ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. చిటికెనవేలు దగ్గర ఎక్కువసేపు ఆగింది. అది కూడా వెచ్చబడింది. "పాదం నిలుస్తుంది," అంది. "మచ్చ ఉండిపోతుంది. నడక కొంచెం ఆలస్యం కావచ్చు." ఈశ్వరి బల్ల పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

బయటికి వచ్చేసరికి కిటికీ దగ్గర దేవీప్రసాద్ నిలబడి ఉన్నాడు. నర్సు ఇచ్చిన చిన్న స్టీలు గిన్నె ఆయన చేతిలో ఉంది. అందులో రక్తం అంటిన నల్లటి సన్నని చుట్ట. డాక్టరు కోసిన చోట విడిపోయింది, ముడి మాత్రం ముడిలాగే ఉంది. ఆయన జేబులోంచి భూతద్దం తీసి వెలుతురు వైపు తిరిగాడు.

"ముడి కదల్లేదు," అన్నాడు. పొద్దున ట్రే ముందు ఉన్న గొంతే అది. అచ్చం అదే గొంతు.

వెనక ఎవరో ఉన్నట్టు తోచి తిరిగాడు. ఈశ్వరిని చూశాడు. ఉప్పునీళ్ళ తొట్టె ఆమె కళ్ళముందు కదిలింది. అందులో మెల్లగా కాలు ఆడిస్తూ తన పిల్లాడు. ఆయన ముఖం తెల్లబోయింది. భూతద్దం జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు, రెండుసార్లు తడుముకున్నాడు.

"క్షమించండమ్మా. అలవాటు." గిన్నె కిటికీ గట్టు మీద పెట్టాడు. "నేను ముడి ఒక్కటే చూసుకున్నాను. కుట్టాక గాయం కూడా వాస్తుంది కదా. వాచినప్పుడు దారం దాంతోపాటు సాగాలి. ఇది సాగదు. కోస్తుంది. పొద్దున జెల్లీలో కోసుకుపోతే నేను... సంతోషపడ్డాను."

"నాను దొంగతనంగా తెచ్చేను సార్."

"తెచ్చారు. ఆ మాట నేను పైవాళ్ళకి చెప్పాలి. మీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలీదు. ఈ దారం మాత్రం ఇలా బయటికి వెళ్ళదు, అది చెప్పగలను." ఆయన వెళ్ళిపోతూ గిన్నె వైపు చూశాడు. తీసుకోలేదు. నర్సుని పిలిచి, కాల్చే సంచిలో వేయమన్నాడు.

మోహిత్ పూర్తిగా తెలివిలోకి వచ్చి, ఎడమకాలి కట్టు వైపు అనుమానంగా చూసి, కుడికాలు నోట్లో పెట్టుకోబోయాడు. అది చూసి బాబ్జి గోడకి నుదురు ఆనించి ఏడ్చాడు. చొక్కాకి ఇంకా పొద్దుటి బెల్లం వాసన ఉంది.

నాలుగు రోజులకి ఇంటికి పంపారు. వాకిట్లోనే అప్పలకొండమ్మ ఎర్రనీళ్ళు దిగదుడిచి పారబోసింది. లోపలికి వచ్చాక కోడలి ముందు చాలాసేపు తచ్చాడింది. చివరికి కొంగు ముడి విప్పి ఏదో బయటికి తీసింది. నల్లటి నూలుతాడు, బజారులో బారల లెక్కన అమ్మేది.

"ముట్టనన్నాను గానీ," అంది ముఖం చూడకుండా, "ఒట్టి కాలుతో గుంటణ్ణి సూత్తే నాకు నిద్ర పట్టటం లేదే. నీకు ఇష్టం నేకపోతే ఒద్దు. నాను మాటన్ను."

ఈశ్వరి చెయ్యి చాపి తాడు తీసుకుంది. రెండు కొసలూ రెండు చేతుల వేళ్ళకి చుట్టి, ముడుల గదిలో మిషను లాగినట్టు నెమ్మదిగా, సమంగా లాగింది. తాడు బిగుసుకుంది. పీచులు లేచాయి. టప్పుమని తెగింది.

"అయ్యో, తెంపీసేవేటే," అంది అత్త.

"తెగింది," అంది ఈశ్వరి. ఇంకో ముక్క తుంపి, మోహిత్ కుడికాలి చుట్టూ వదులుగా తిప్పి, మధ్యలో రెండు వేళ్ళు పెట్టింది. ముడి వేయబోయి ఆగింది. వేళ్ళు ఇంకా ఆ కంపెనీ ముడికే పోతున్నాయి.

తాడు అత్త చేతికి ఇచ్చింది. "నువ్వు కట్టత్తా. నీకు తెలిసిన ముడి ఎయ్యి."